గూడూరు రాళ్లు ఎక్కడికి పంపమంటారు?

కేంద్ర బొగ్గు, గనుల శాఖ మంత్రి జి. కిషన్ రెడ్డి గారికి,

నమస్కారం.

మీరు తెలుగువారు కాబట్టి ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. ఢిల్లీ ఆఫీసుల్లో అవసరమైతే అనువాదం చేయించుకుంటారు. రాళ్ల గురించి ఇంగ్లీషులో పాఠం చెప్పడం నాకు వచ్చుగాని, మనసులో మాట చెప్పుకోవడం మాత్రం తెలుగులోనే వస్తుంది.

ముందుగా ఒక గది సంగతి చెప్పాలి. నేను కోస్తాలో ఒక డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లు భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. మా విభాగానికి ఒక రాళ్ల గది ఉండేది. టేకు బీరువాలు, వాటికి సొరుగులు, సొరుగుల్లో అట్టపెట్టెలు. ఒక్కో పెట్టెలో ఒక రాయి, రాయి కింద చీటీ. ఎక్కడ దొరికింది, ఎంత లోతున, ఎవరు తెచ్చారు, ఏ తేదీన అని నాకంటే ముందు పనిచేసిన మాస్టార్లు నల్లసిరాతో, గుండ్రటి చేతిరాతతో రాసిపెట్టినవి. నేను రిటైరైన రెండేళ్లకు, చేరే పిల్లలు లేరని కోర్సు ఎత్తేశారు. గది కంప్యూటర్ ల్యాబుకు పోయింది, బీరువాలు వేలంలో పోయాయి. రాళ్లేమయ్యాయని అడిగితే, కొత్త వరండా పునాదిలోకి మట్టి చాలక వాటిని పోసేశామని అటెండరు చెప్పాడు. "రాళ్లే గదా సార్" అన్నాడు. అతణ్ణి తప్పుపట్టలేదు. ఆ గదికి తాళం తీయించినవాళ్లకే వాటి విలువ తెలియనప్పుడు అతనికి ఎవరు చెప్పాలి?

ఈ ఉత్తరం ఆ రాళ్ల గురించే. మీ శాఖ కీలక ఖనిజాల కోసం, అంటే దేశానికి తప్పనిసరిగా కావలసి, సులువుగా దొరకని లిథియం, కోబాల్ట్ లాంటివాటి కోసం, దేశదేశాలతో ఒప్పందాలు చేసుకుంటున్న ఈ రోజుల్లో, ఆ వరండా కింద పడి ఉన్నదేమిటో మీకు చెప్పాలనిపించింది.

2019లో అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా భూగర్భ సర్వే సంస్థలు మూడూ కలిసి ఒక పనికి పూనుకున్నాయి. దాని పేరు క్రిటికల్ మినరల్స్ మ్యాపింగ్ ఇనిషియేటివ్. పేరు పెద్దదేగాని మొదట చేసిన పని వింటే ఇంతేనా అనిపిస్తుంది. గోదాముల్లో, మ్యూజియంలలో, విశ్వవిద్యాలయాల సొరుగుల్లో పడి ఉన్న పాత ఖనిజపు రాళ్ల లెక్క తీశారు. కొత్త పద్ధతుల్లో పరీక్షించిన ఫలితాలను ఒకే పట్టికలోకి చేర్చారు. 2021 జూన్‌లో ఆ పట్టికను లోకానికంతటికీ తెరిచిపెట్టారు. 60 దేశాల నుంచి వచ్చిన 7,000కు పైగా రాళ్ల సమాచారం అందులో ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, అనుమతి అడగక్కర్లేదు. రిటైరైన మాస్టారు కూడా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. నేను చూసుకుంటున్నాను.

పాత రాళ్లతో పనేమిటని ఎవరైనా అడుగుతారు. కీలక ఖనిజాల్లో చాలావాటికి సొంత ఇల్లు ఉండదండీ. గాలియం కోసమని ఎవరూ గని తవ్వరు. బాక్సైట్ నుంచి అల్యూమినా తీసేటప్పుడు ఆ ద్రావణంలో అది వెంట వస్తుంది. జెర్మేనియం, ఇండియం జింకు ఖనిజంలో దాగి ఉంటాయి. రాగిని శుద్ధి చేశాక తొట్టి అడుగున మిగిలే బురదలో సెలీనియం, టెల్లూరియం దొరుకుతాయి. కోబాల్ట్ ఎక్కువగా రాగి వెంటో నికెల్ వెంటో నడుస్తుంది. పెళ్లికి పిలిచింది ఒకరినైతే వచ్చింది పదిమంది అన్నట్టు. 1970లలో జింకు గని రాయిని పరీక్షించినవాళ్లు జింకు ఎంత, సీసం ఎంత, వెండి ఎంత అని చూసుకుని పెట్టె మూసేశారు. వెంట వచ్చిన చుట్టాల పేర్లు రాసుకోలేదు. రాసుకోవాలని అప్పుడు ఎవరికీ తోచలేదు, తోచినా కొలిచే యంత్రాలు అందరికీ లేవు. రాయి ఉంటే ఇప్పుడు మళ్లీ అడగవచ్చు. పునాదిలో పోసిన రాయిని ఏమని అడుగుతాం?

రెండో చిక్కు కొలతది. మా తాతగారి కాలంలో ఒక ఊరి కుంచం పక్క ఊరి కుంచంతో కలిసేది కాదట. గింజలు అవే, కుంచాలు వేరు. పంచాయితీలన్నీ అక్కడే. రాతి పరీక్షలోనూ అదే బాధ. టాంటలమ్, జిర్కోనియం ఉండే ఖనిజాలు ఆమ్లాలకు సులువుగా లొంగవు. రాతిపొడిని ఆమ్లంలో నానబెట్టి చూస్తే అంకె తక్కువ వస్తుంది. అదే పొడికి ఫ్లక్స్ అనే, కరగడానికి తోడ్పడే పదార్థం కలిపి కొలిమిలో కరగబెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఏ పద్ధతిలో కొలిచారో చెప్పకుండా అంకె ఒక్కటే చెబితే, అది ఏ ఊరి కుంచమో చెప్పకుండా పదిహేను కుంచాల వడ్లు అన్నట్టే. పేర్ల గొడవ ఇంకొకటి ఉంది. ఒకే రకం నిక్షేపానికి ఒక దేశంలో ఒక పేరు, ఇంకో దేశంలో వేరే పేరు. అందుకని ఆ మూడు దేశాలవాళ్లు ముందు కూర్చుని నిక్షేపాల వర్గీకరణ ఒకటి ఒప్పుకుని 2021లో అచ్చువేశారు. అలా కుంచం ఒకటి చేసుకున్నాకే గింజలు కొలవడం మొదలుపెట్టారు. అంతర్జాతీయ శాస్త్ర సహకారం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఈ పని. ఫొటోల్లో పడదు, చేతులు కలపడాలు ఉండవు.

ఆ తర్వాత వాళ్లు గీసిన పటం గురించి చెబితే మీకు ఆసక్తి కలుగుతుంది. భూమి పైభాగంలోని గట్టి రాతి పలకను లిథోస్ఫియర్ అంటాం. అది కొన్నిచోట్ల బాగా మందంగా, కొన్నిచోట్ల పలుచగా ఉంటుంది. అవక్షేప శిలల్లో దొరికే జింకు, సీసం, రాగి వంటి లోహాల్లో 85 శాతం, మందపు పలక పలుచబడే అంచుకు 200 కిలోమీటర్ల లోపే ఉన్నాయని 2020లో ఒక పరిశోధన తేల్చింది. పెద్ద పెద్ద నిక్షేపాలైతే అన్నీ ఆ పట్టీలోనే. ఆ అంచును కంటితో చూడలేం. ఎక్కడో భూకంపం వస్తే ఆ తరంగాలు లోకంలోని వందల భూకంప నమోదు కేంద్రాలకు ఎప్పుడెప్పుడు చేరాయో లెక్కగట్టి పోల్చుకోవాలి. ఏ దేశమూ ఒంటరిగా గీయగలిగిన గీత కాదది. ఇలాంటి పొరలన్నీ ఒకదానిపై ఒకటి పరిచి, తమ మూడు దేశాల్లో జింకు, సీసం నిక్షేపాలకూ, వాటి వెంట వచ్చే కీలక ఖనిజాలకూ అవకాశం ఎక్కడ ఎక్కువో వాళ్లు పటాలు తయారుచేశారు.

ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. ధార్వార్ రాతి పీఠం తూర్పు వైపున కడప బేసిన్ అనే పాత అవక్షేప శిలల పల్లం ఉంది. ఆ బేసిన్ ఈశాన్య కొసన, పల్నాడులోని అగ్నిగుండాల దగ్గర సీసం, రాగి ఉన్నాయి. బండ్లమోట్టులో సీసం గని నడిచి మూతపడింది కూడా. ఆ మూడు దేశాలకు గీసిన పటం అదే కొలతలతో కడప బేసిన్‌కు గీస్తే ఏం కనిపిస్తుంది? బండ్లమోట్టులో బోరు వేసి పైకి తీసిన రాతి కడ్డీల్లో, అంటే డ్రిల్ కోర్లో, వెండి, సీసం తప్ప ఇంకేమున్నాయి? ఈ ప్రశ్న వేయడానికి కొత్తగా ఒక్క బోరు కూడా వేయనక్కర్లేదు.

సమాచారం బయటివాళ్లకు ఇస్తే దేశం గుట్టు పోదా అని మీ ముందు వాదించేవాళ్లు ఉంటారు. మన గుట్టు చాలావరకు మంచికే ఎప్పుడో బయటపడిందండీ. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అదే ఎన్‌జీఆర్‌ఐ, ఆవరణలో భూకంపాలను నమోదుచేసే హెచ్‌వైబీ అనే కేంద్రం ఉంది. అది ఫ్రాన్స్ వారి జియోస్కోప్ జాలంలో భాగం. దాని రికార్డులు ఏ దేశపు విద్యార్థి అయినా తీసుకోవచ్చు. భూమి లోపలి పటాలు అలాంటి రికార్డుల కుప్పల్లోంచే పుట్టాయి. ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకు సునామీ హెచ్చరికలు పంపుతోంది. సముద్రం సంగతి పంచుకుంటున్నాం, భూకంపం సంగతి పంచుకుంటున్నాం. రాయి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తలుపు వేసుకోవాలి?

యురేనియం, థోరియం మాట వేరు. వాటిని పంచమని నేను అనను. మోనజైట్ ఇసుకలో థోరియం ఉంటుంది కాబట్టి భీమిలి తీరపు లెక్కలకు కాపలా ఉండాలంటే ఉండనీయండి. కానీ 2023లో గనుల చట్టాన్ని సవరించి లిథియం, బెరీలియం, నియోబియం, టాంటలమ్, జిర్కోనియం, టైటానియం ఖనిజాలను అణు ఖనిజాల జాబితా నుంచి తీసి కీలక ఖనిజాల జాబితాలో పెట్టింది మన పార్లమెంటే. ప్రైవేటు కంపెనీలు వేలంలో పాడుకోవచ్చని చట్టమే చెప్పాక, అవే ఖనిజాల పాత పరీక్ష ఫలితాలను సొరుగులో తాళం వేసి ఉంచడంలో అర్థం లేదు. తాళం ఎప్పుడు తీశామో, తీసి ఏం చూశామో జనానికీ చెప్పాలి.

మీ శాఖ చేసిన మంచిని చెప్పకపోతే తప్పవుతుంది. 2023 జూన్‌లో 30 కీలక ఖనిజాల జాబితా వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో జాతీయ భూవిజ్ఞాన సమాచార భాండాగారం తెరిచారు. 2025 జనవరిలో 16,300 కోట్ల రూపాయలతో జాతీయ కీలక ఖనిజాల మిషన్‌కు కేబినెట్ ఆమోదం దొరికింది. 2030-31 నాటికి భారత భూగర్భ సర్వే 1,200 అన్వేషణలు చేయాలని అందులో లక్ష్యం. వీటన్నిటికంటే నాకు గొప్పగా తోచేది జాతీయ భూరసాయన పటం. సర్వేవాళ్లు ప్రతి చదరపు కిలోమీటరులో వాగు మట్టి ఎత్తి, నాలుగింటిని కలిపి ఒక నమూనాగా చేసి, అరవైకి పైగా మూలకాలు పరీక్షిస్తున్నారు. ప్రపంచమంతటికీ కలిపి తలపెట్టిన భూరసాయన జాలంలో ఒక్కో గడి 160 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. మనది రెండు కిలోమీటర్ల గడి! మండుటెండలో వాగులు పట్టుకు తిరిగిన ఆ కుర్రాళ్లలో మా శిష్యులూ ఉన్నారు. అంటే ఆ మూడు దేశాల బల్ల దగ్గరికి మనం చేయి చాచుకుని వెళ్లనక్కర్లేదు. వాళ్ల దగ్గర లేనిది మన దగ్గర ఉంది.

ఆ బల్ల దగ్గరికి వెళ్లమనే అడుగుతున్నాను. ఆస్ట్రేలియా సర్వే సంస్థతో మనకు ఇదివరకే పరిచయం ఉంది. 2016 నాటి జాతీయ ఖనిజాన్వేషణ విధానంలో అన్‌కవర్ పేరుతో రెండు ప్రాంతాల్లో లోతు నిక్షేపాల వెతుకులాటకు వాళ్ల సాయం తీసుకోవాలని రాసుకున్నాం. 2023లో అమెరికా చొరవతో ఏర్పడిన ఖనిజ భద్రతా భాగస్వామ్యంలో చేరాం. 2024 జనవరిలో విదేశాల్లో ఖనిజాలు వెతికే మన ప్రభుత్వ సంస్థ కాబిల్ అర్జెంటీనాలోని కాటమార్కాలో అయిదు లిథియం బ్లాకులు తీసుకుంది. జాంబియా 9,000 చదరపు కిలోమీటర్లలో రాగి, కోబాల్ట్ వెతకమని మనకు ఇచ్చింది. ఇవన్నీ అవసరమే. 2023లో చైనా గాలియం, జెర్మేనియం ఎగుమతులకు కళ్లెం వేసింది. 2025 ఏప్రిల్‌లో సమేరియం, డిస్ప్రోసియం లాంటి ఏడు అరుదైన లోహాలకూ వేసింది. మన కార్ల కంపెనీలు అయస్కాంతాల కోసం ఎంత కంగారుపడ్డాయో చూశాం. కాని ఈ ఒప్పందాల్లో ఎక్కువ భాగం కొనుగోలుకో, తవ్వకానికో సంబంధించినవి. పటం గీసే ఒప్పందం వేరు. అందులో ముందు మనం ఇవ్వాలి. వెయ్యి రాళ్లు పరీక్షించి, పద్ధతితో సహా ఫలితాలు ఆ ఉమ్మడి పట్టికలో పెట్టగలిగితే, వాళ్లతో సమానంగా కూర్చునే హక్కు మనకు దానంతట అదే వస్తుంది.

సమేరియం అంటే గుర్తొచ్చింది, చిన్న పక్కదారి. ఆ లోహానికి పేరు సమర్‌స్కైట్ అనే నల్లటి ఖనిజం వల్ల వచ్చింది. 1879లో సమేరియాన్ని అందులోనే కనుక్కున్నారు. ఆ సమర్‌స్కైట్ మన నెల్లూరు అబ్రకం గనుల్లోనూ దొరికినట్టు పాత సర్వే రికార్డుల్లో ఉంది. ఇప్పుడు విశాఖలో అరుదైన లోహాల ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ వారు సమేరియం, కోబాల్ట్ కలిపి అయస్కాంతాలు చేస్తున్నారు. సమేరియం అక్కడికి వచ్చేది మోనజైట్ దారిలో లెండి. అయినా గూడూరుకూ విశాఖకూ మధ్య ఇలాంటి చుట్టరికం ఒకటి ఉందని క్లాసులో చెబితే వెనక బెంచీ కుర్రాళ్లు కూడా తలెత్తి చూసేవారు.

రాళ్లకు సరిహద్దులు తెలియవని అందరూ అంటారు. మనకైతే అది అక్షరాలా నిజం. మన తూర్పు కనుమల రాళ్లకు తోబుట్టువులు తూర్పు అంటార్కిటికాలో రేనర్ అనే ప్రాంతంలో ఉన్నాయి. వంద కోట్ల ఏళ్ల కిందట కలిసి పుట్టి, గోండ్వానా అనే పాత మహాఖండం చీలినప్పుడు విడిపోయాయి. గోండ్వానా అనే మాట కూడా మన గోండుల నేల నుంచి వెళ్లిందే. అంటార్కిటికాలో గనులు తవ్వకూడదని 1991 నాటి మాడ్రిడ్ ఒప్పందం చెబుతోంది, తవ్వాలని ఎవరూ అనకూడదు కూడా. అయినా మన సర్వే శాస్త్రవేత్తలు అక్కడ పటాలు గీస్తున్నారు. గని తవ్వి ఒక్క గ్రాము కూడా తెచ్చుకోలేని చోట గీసిన పటం అరకు దగ్గర రాయి ఎలా పుట్టిందో చెబుతుంది. పటం వేరు, గని వేరు అని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

హైదరాబాద్ సంగతి కూడా చెప్పాలి. నాగోలు మెట్రో స్టేషన్‌కు దగ్గర్లో బండ్లగూడలో భూగర్భ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది. అదే నీలం లైనులో మూడు స్టేషన్లు దాటితే ఎన్‌జీఆర్‌ఐ. ఇంకా ముందుకు, మీ సికింద్రాబాద్ మీదుగా పోతే బేగంపేటలో అణు ఖనిజాల డైరెక్టరేట్. మూడు చోట్లా దక్షిణాది రాళ్ల మీద దశాబ్దాల జ్ఞానం పోగుపడి ఉంది. మూడూ మూడు వేర్వేరు శాఖల కింద ఉన్నాయి. ఒకే టిక్కెట్టుతో మూడూ చుట్టిరావచ్చుగాని, మూడింటి ఫలితాలను ఒకే పట్టికలో చూడటానికి బయట ఉన్న నాబోటివాడికి దారి లేదు. వాషింగ్టన్, ఒట్టావా, కాన్‌బెరా ఒక కుంచానికి వచ్చాయి. ముందు మన నాగోలు, ఉప్పల్, బేగంపేట ఒక కుంచానికి రావాలి. ఇది మీరు ఫోను చేసి చెబితే మొదలయ్యే పని.

ఇంకొకటి, కొంచెం కష్టంగా ఉండే మాట. 2023 ఫిబ్రవరిలో జమ్ములోని రియాసీ దగ్గర 59 లక్షల టన్నుల లిథియం దొరికిందని వార్త వచ్చింది. తెలుగు టీవీల్లో అయితే ఆ రాత్రికే మనం కుబేరులమైపోయాం. ఆ అంకె లిథియం ఉన్న ముడి ఖనిజానిదని, లోహానిది కాదని, అన్వేషణ జీ3 అనే తొలి దశలోనే ఉందని చెప్పినవాళ్లు తక్కువ. తర్వాత రెండుసార్లు వేలానికి పెట్టినా బ్లాకు పోలేదు. ఆ ఏడాదే ఎన్‌జీఆర్‌ఐ అనంతపురం జిల్లా సైనైట్ రాళ్లలో అరుదైన మూలకాలు ఉన్నాయని చెబితే, అది కూడా మర్నాటికి అనంత నిధి అయి కూర్చుంది. కనుక్కున్న శాస్త్రవేత్తలు లోతుగా డ్రిల్లింగ్ చేస్తేగాని ఏమీ చెప్పలేమన్నారు. ఆ మాట కింది లైనులోకి పోయింది. రేపు బయటి దేశాల శాస్త్రవేత్తలు మన పట్టిక తెరిచి చూసేటప్పుడు, ప్రతి అంకె పక్కనా ఇది ఏ దశ అంకె, ఎంతవరకు నమ్మవచ్చు అన్నది ఉంటేనే మన పరువు నిలుస్తుంది. ప్రెస్ నోట్లోనూ అది మొదటి వాక్యంలో ఉండాలని మీ అధికారులకు చెప్పండి.

ఈ విషయంలో అఫ్గానిస్తాన్ కథ నేను ఏటా చెప్పేవాణ్ణి. సోవియట్ కాలంలో అక్కడ గీసిన ఖనిజ పటాలను, 1990లలో దేశం అల్లకల్లోలమైనప్పుడు అక్కడి భూగర్భ శాస్త్రవేత్తలు తమ ఇళ్లకు తీసుకెళ్లి దాచారు. 2001 తర్వాత మళ్లీ తెచ్చి కాబూల్ గ్రంథాలయంలో పెట్టారు. అమెరికా సర్వేవాళ్లు 2004లో వాటిని చూశారు. వాటిని ఆధారం చేసుకుని 2006లో విమానం నుంచి సర్వే చేసి దేశంలో సుమారు 70 శాతం చుట్టేశారు. 2010లో లక్ష కోట్ల డాలర్ల సంపద అని ప్రకటన వచ్చింది. ఆ సంపద ఆ దేశపు పేదల గుమ్మం ఇంకా తొక్కలేదు, అది వేరే విషాదం. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కాగితాలు ఇంట్లో దాచిన ఆ ఉద్యోగులను తలుచుకుంటే మాత్రం, మా వరండా కిందికి పోయిన చీటీలు గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టదు.

పటం అంటే భయపడేవాళ్లూ మన దగ్గర ఉన్నారు, వాళ్లకు కారణం ఉంది. విశాఖ ఏజెన్సీలో సర్వే జీపు కనిపిస్తే ఊరు ఖాళీ చేయిస్తారేమోనని గుండె గుభేలుమంటుంది. బాక్సైట్ మీద ఎన్నేళ్ల పోరాటమో మీకు తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజన భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీ చేతిలో ఉన్న పటమే గ్రామసభ చేతిలోనూ ఉంటే, తెలుగులో ఉంటే, బేరమైనా నిరాకరణైనా సమానుల మధ్య జరుగుతుంది. దేశాల మధ్య సమాచారం తెరిచిపెట్టమంటున్నవాళ్లం అనంతగిరి వాళ్లకు మూసిపెట్టలేం గదా. కనీసం భాండాగారంలో ఉన్న పటాలకు తెలుగులో రెండు పేజీల వివరణ ఒక్కోదానికి పెట్టించండి. రాయడానికి మనుషులు కావాలంటే రిటైరైన మాస్టార్లం చాలామందిమే ఖాళీగా ఉన్నాం.

జాబితాలు కూడా శాశ్వతం కావు. మంగంపేట ముగ్గురాయి గనులు ప్రపంచంలోనే పెద్దవాటిలో లెక్క. ఆ ముగ్గురాయి, అదే బెరైటీస్, అమెరికా 2022 కీలక ఖనిజాల జాబితాలో ఉంది. మన 30లో లేదు. మనకు కావలసినంత ఉంది కాబట్టి లేదు, అది సబబే. కాని ఇవాళ చెత్త అనుకుని పారేసిన రాయి పదేళ్లకు ఎవరి జాబితాలో ఎక్కుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే నా రెండో అభ్యర్థన. మూతపడిన గనుల డ్రిల్ కోర్లు, మూతపడిన కళాశాల విభాగాల రాళ్లు, చీటీలతో సహా ఎక్కడెక్కడ ఉన్నాయో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక లెక్క తీయించండి. వర్షానికి తడిసి కోరు పెట్టెలు పుచ్చిపోకముందే. విలియం కింగ్ అనే సర్వే దొర 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద రాసిన నివేదిక ఇప్పటికీ మాకు పాఠ్యపుస్తకమే. ఇల్లందు బొగ్గు ఆయన చూపించిందే, సింగరేణిలో ఇవాళ్టికీ కింగ్ సీమ్ అనే బొగ్గు పొర ఉంది. ఆ కాగితం దాచినవాళ్లు ఉన్నారు కాబట్టి అది మిగిలింది.

ఫిన్లాండ్‌లో ఒక పద్ధతి ఉంది. 1908లో అక్కడ కాలువ పూడిక తీస్తుంటే ఒక బండరాయి దొరికింది. దాంట్లో రాగి మెరిసింది. అది ఎక్కడి నుంచి హిమానీనదాలు మోసుకొచ్చాయో వెనక్కి వెనక్కి వెతుక్కుంటూ పోయి 1910లో ఔటోకుంపు రాగి నిక్షేపం పట్టుకున్నారు. కోబాల్ట్ కూడా అందులోంచే వచ్చింది. ఆ దేశంలో ఇవాళ్టికీ ఏ రైతైనా తన పొలంలో దొరికిన రాయిని ప్రభుత్వ సర్వేకు ఉచితంగా పంపవచ్చు. చూసి జవాబు రాస్తారు.

నా దగ్గర 43 రాళ్లున్నాయి మంత్రిగారూ. పిల్లల్ని ఏటా గూడూరు, సైదాపురం అబ్రకం గనులకు తీసుకెళ్లేవాణ్ణి. అబ్రకం ఒలుచుకుని పారేసిన తుక్కుగుట్టల మీద ఆడవాళ్లు వెతుక్కుంటుంటే, మేమూ పక్కన కూర్చుని ఏరేవాళ్లం. పలుగురాయిలో ఇరుక్కున్న లేతపచ్చ బెరిల్, చేతిలో పెట్టుకుంటే పరిమాణానికి మించి బరువు తూగే నల్లరాయి, అది కొలంబైట్ అని నా అనుమానం. బెరీలియం, నియోబియం, టాంటలమ్ మూడూ మీ 30లో ఉన్నవే. గదిలో చోటు లేక కొన్నిటిని ఇంట్లో ట్రంకుపెట్టెలో పెట్టుకోబట్టి అవి పునాదిలోకి పోలేదు. ప్రతిదానికీ చీటీ ఉంది. గని పేరు, గుట్ట ఏ వైపు, తేదీ. మొన్న దసరాకు మా మనవడు పెట్టె తెరిచి అన్నీ ఫొటోలు తీశాడు.

వీటిని ఏ చిరునామాకు పంపాలో, పంపితే ఎవరు పరీక్షిస్తారో, ఫలితం నాకూ ఆ ఉమ్మడి పట్టికకూ ఎప్పుడు చేరుతుందో మీ కార్యాలయం నుంచి ఒక జాబు రాయించగలరు. పార్సిలు ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు,
గూడూరు